తొమ్మిదిసార్లు కాదన్నాను

జనగామ బస్టాండుకు ఎదురు సందులో నాకొక టైపింగు దుకాణం ఉంది. పెళ్లిపత్రికలు, గృహప్రవేశాలు, ఆఫీసుల్లో ఇచ్చుకునే అర్జీలు, పోయినవాళ్ల పదిరోజుల కార్డులు, ఏదైనా సరే కూర్చోబెట్టి కొట్టి ఇస్తాను. తెలుగు టైపింగు వేగంగా వస్తుంది కాబట్టే కథల గ్రూపు పెత్తనం నా మెడకు పడింది గానీ, నేను పెద్ద రాసేదాన్నని కాదు.

గ్రూపు పుట్టిన సాయంత్రం నాకు బాగా గుర్తుంది. మా ఊరి గ్రంథాలయంలో ఒక ఆదివారం కథలు చదువుకోవడానికి కొందరం కలిశాము. అయిపోయాక ఎవరి బస్సు వాళ్లెక్కి పోయారు. ఇద్దరు మాత్రం మిగిలారు. ఒకాయన మహబూబాబాద్ నుంచి వచ్చిన దర్జీ, ఆయన రైలు ఇంకా రాలేదు. ఇంకొకామె భూపాలపల్లి నుంచి వచ్చిన తెలుగు టీచరు, రిటైరయ్యారు. హనుమకొండ దాకా పోయే బస్సు కోసం చూస్తున్నారు. ఇద్దరినీ నా దుకాణానికి తీసుకొచ్చి టీ తెప్పించాను.

మాటల్లో తెలిసింది, ముగ్గురికీ ఒకే చోట దెబ్బ తగిలిందని. ఫోనులో ఒక పెద్ద కథల గ్రూపు ఉండేది. వేలమంది చదివేవాళ్లు. నేను పంపిన కథను దాని నిర్వాహకుడు వెనక్కి పంపాడు, భాష సరిచేసి పంపమని. నా కథలో కూరగాయలమ్మే ఆమె 'ఏంది, ఎట్లున్నవ్' అంటుంది. అది అందరికీ అర్థం కాదట. దర్జీ కథలో ఉర్దూ మాటలు ఎక్కువున్నాయని పక్కన పెట్టారు. టీచరుది ఇంకా విచిత్రం. ఆమె కథ వేసుకున్నారు గానీ, 'పోయినం' అని ఉన్న ప్రతిచోటా ఆమెను అడగకుండానే 'వెళ్లాము' అని మార్చేశారు. టీ గ్లాసు చేతిలో తిప్పుకుంటూ ఆమె నెమ్మదిగా అన్నారు.

"ముప్పై ఏండ్లు పిల్లల కాపీలు దిద్దిన, బిడ్డ. నా కాపీ దిద్దెటోడు గిప్పుడు దొరికిండు."

ముగ్గురం నవ్వుకున్నాము. ఆ నవ్వులోనే, మన మాటకు మనమే ఒక చోటు చేసుకుందామనే ఆలోచన వచ్చింది. వాళ్ల బండ్లు వచ్చేలోపు నా కంప్యూటర్ మీదే గ్రూపు తయారైంది.

మొదటి ఏడాది ఎంత బాగుండేదో ఇప్పుడు చెబితే నమ్మరు. నేను ఎవరిదో శుభలేఖలో ముహూర్తం సరిచూస్తూ ఉంటే పక్కన ఫోను చిన్నగా మోగేది. టేకుమట్ల నుంచి ఒకామె మిరపకాయలు ఏరేటప్పుడు చేతుల మంట గురించి రాసేది. చెల్పూర్ కరెంటు ప్లాంటులో పనిచేసే ఒకాయన షిఫ్టు దిగి, స్నానం కూడా చేయకముందే నాలుగు పేరాలు రాసి పడేసేవాడు. కాళేశ్వరం పనులప్పుడు కంకర లారీ నడిపినాయన ఆ రోడ్డు మీద తిన్న అన్నాల గురించి రాసేవాడు, ఎక్కడెక్కడ ఏ చెట్టు కింద లారీ ఆపి తిన్నాడో అన్నీ. నేను చదివి ఊరుకునేదాన్ని కాదు. దుకాణంలో ప్రింటు కోసం కూర్చున్నవాళ్లకు గట్టిగా చదివి వినిపించేదాన్ని. ఒకసారి పెళ్లిపత్రిక కోసం వచ్చిన పెద్దాయన కథ మొత్తం అయ్యేదాకా కదల్లేదు. పత్రిక అక్కడే మర్చిపోయి వెళ్లిపోయాడు.

తర్వాత దొంగలు దూరారు. మొదట అప్పులిస్తామనే ప్రకటనలు. వాటి వెనక ఇంట్లోనే కూర్చుని పని చేయండనేవి, జుట్టు పెరిగే నూనెలు. మిరపచేను కథ కింద నూనె సీసా బొమ్మ ఉండేది. తీసేస్తే ఇంకొకటి వచ్చేది. పొద్దున దుకాణం తెరిచి ముందు ఆ చెత్త ఊడ్చి, తర్వాతే వాకిలి ఊడ్చేదాన్ని.

అప్పటిదాకా అదొక చిరాకు, అంతే. బాధ ఎప్పుడు తగిలిందంటే, టీచరు తన అమ్మ చివరి రోజుల గురించి రాసినప్పుడు. ఆమె రాసినవాటిల్లో అంత మంచిది ఇంకోటి లేదు. తన పాత విద్యార్థులందరికీ పంపుకున్నారు. మర్నాడు పొద్దున ఆ కథ కింద ఎవడో చూడరాని బొమ్మ ఒకటి పెట్టి పోయాడు. నేను చూసి తీసేసేలోపే ఆమె విద్యార్థులు చాలామంది చూసేశారు. ఆమె ఫోను చేసి కోప్పడలేదు, ఏడవలేదు.

"మా అమ్మ ముచ్చట కింద గసొంటిది ఉండుడు నాకు మంచిగనిపిస్తలేదు బిడ్డ. నా కథ తీసెయ్యి," అన్నారు.

తీసేశాను. ఆ కథను ఆమె మళ్లీ ఎప్పుడూ పెట్టలేదు. నేను రెండుసార్లు అడిగాను కూడా. చూద్దాంలే అన్నారు.

ఆ రోజే గ్రూపుకు తలుపు పెట్టాలని తీర్మానం చేసుకున్నాము. ఎవరు పడితే వాళ్లు రాకుండా, చేరతామని అడిగినవాళ్లను మేము చూసి ఒప్పుకుంటేనే లోపలికి. కొత్తవాళ్లు రాసిన మొదటి కథ మేము చదివాకే అందరికీ కనబడాలి. ఈ పని నేర్చుకోవడానికి నాకు కొన్ని వారాలు పట్టింది. నిన్న మొన్న తెరిచిన ఖాతా అయితే అనుమానించాలి. మొహం ఫోటో లేకపోతే అనుమానించాలి. స్నేహితులెవరూ లేకపోతే, అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతుంటే, అది మనిషి కాదు, మిషన్. ఇవన్నీ నాకు నేనే రాసి గోడకు అంటించుకున్నాను.

చేరేవాళ్లను ఒక ప్రశ్న కూడా అడగాలనుకున్నాము. ఏం అడగాలో దర్జీ భాయ్ చెప్పాడు.

"ఇంట్ల మాట అడుగుదాం చెల్లె. దొంగకు ఇంట్ల మాట యాడికెల్లి వస్తది?"

అలా పుట్టిందా ప్రశ్న. 'మీ ఇంట్లో పెద్దవాళ్లకు కోపమొస్తే ఏమంటారు? వాళ్ల మాటలోనే రాయండి.'

దొంగల సంగతి అటుంచి, ఆ జవాబులు మాకు పండగైపోయాయి. 'నీ నోట్లె మన్నువడ' అని మా అవ్వ, అని ఒకామె. 'కంబఖ్త్ అని మా దాదీ, తర్వాత తానే పిలిచి రొట్టె పెడుతుంది' అని జనగామ కుర్రాడొకడు. 'మా నాయినకు కోపమొస్తె మమ్ముల మీరు అంటడు' అని ఒకాయన. అది చదివి నేను చాలాసేపు నవ్వుకున్నాను, మా ఇంట్లోనూ అంతే కాబట్టి. నచ్చినవన్నీ ఒక నోటుబుక్కులో రాసుకునేదాన్ని. కథలకన్నా ఈ జవాబులే బాగున్నాయని టీచరు అనేవారు. దొంగలు ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయేవాళ్లు. 'అవును', 'మంచిది', 'సున్నా వడ్డీ' అని ఏదో ఒకటి కొట్టేవాళ్లు. నేను చటుక్కున తోసేసేదాన్ని.

రోజంతా కంప్యూటర్ ముందే ఉంటాను కాబట్టి తలుపు కాపలా నాది. దర్జీ భాయ్, టీచరు లోపల కథలు చూసుకునేవాళ్లు.

ఒక రోజు ఒక దరఖాస్తు వచ్చింది. ఫోటో ఉండాల్సిన చోట మక్కజొన్న చేను, వెనకాల నీళ్ల ట్యాంకు. ఖాతా ఆ వారమే తెరిచినట్టుంది. స్నేహితులు లేరు. జవాబు 'యాడి' అనే మాటతో మొదలైంది. 'యాడ' అనబోయి తప్పు కొట్టారనుకున్నాను. తర్వాతి అక్షరాలు తెలుగువే గానీ ఒక్క మాట అర్థం కాలేదు. కాదన్నాను. మూడు రోజులకు మళ్లీ వచ్చింది. మళ్లీ కాదన్నాను. అలా వస్తూనే ఉంది, నేను కాదంటూనే ఉన్నాను. తర్వాత్తర్వాత జవాబు చదవడం కూడా మానేశాను, మక్కజొన్న చేను కనబడగానే వేలు దానంతట అదే వెళ్లి నొక్కేసేది. తొమ్మిదోసారికి విసుగొచ్చి, ఆ ఖాతా ఇక ఎప్పటికీ అడగకుండా చేసే మీట నొక్కేశాను. నొక్కి ఊరుకోలేదు. ఆ జవాబును ఫోటో తీసి మా ముగ్గురి మధ్య పెట్టాను. 'మిషన్లు కొత్త భాష కనిపెట్టినయ్, చూడుండ్రి' అని, కింద నవ్వే మొహాలు.

టీచరు కూడా ఒక నవ్వు పెట్టారు. దర్జీ భాయ్ నుంచి ఏమీ రాలేదు. మధ్యాహ్నం ఆయన నుంచి ఫోను వచ్చింది. దుకాణం తెరిచి ఉన్నప్పుడు ఆయన ఎప్పుడూ ఫోను చేయడు.

"చెల్లె, గది మిషన్ గాదు. గది తండాలల్ల మాట్లాడే మాట. యాడి అంటె అమ్మ," అన్నాడు.

ఆయన మెల్లగా, ఒక్కొక్క మాట కూడబలుక్కుంటూ చెప్పాడు.

"అండ్ల రాసింది చదువుత ఇను: మా అమ్మకు కోపమొస్తె ఏమనది. వండిన కుండ మీద మూత వెట్టి, పోయి గడపల కూసుంటది. గదే రాసి ఉన్నది. గా మాటకు సొంత అచ్చరాలు లేవు గద, తెలుగుల రాసేసరికి నీకు దొరకలే."

సరిగ్గా అదేనా అని అడిగాను, తప్పించుకోవడానికి ఏదో ఒక దారి దొరుకుతుందేమోనని. ఇరవై ఏళ్లుగా తన గల్లా ముందు ఆ మాట వింటూనే కొలతలు తీస్తున్నానని చెప్పాడు. ఆయనకు లంబాడీ మాట రాస్తే చదవడం కష్టం, పైకి చదువుకుని వింటే మాత్రం తెలిసిపోతుందట.

ఫోను పెట్టేశాక ఆ తొమ్మిది దరఖాస్తులనూ వెతికి తీశాను. ప్రతిదానికీ నా మెయిలుకు ఒక ప్రతి వచ్చేది, నేనే తెరవలేదు. అన్నీ ఒకటే అనుకున్నాను గదా, కాదు. మొదటిది పొడుగ్గా ఉంది. రెండోది ఇంకా పొడుగు, ఏదో వివరించబోయినట్టు. తర్వాత ఒక్కొక్కటీ తగ్గుతూ వచ్చాయి. అయిదోదాని చివర అచ్చమైన తెలుగులో ఒక వాక్యం ఉంది. 'దయచేసి నన్ను చేర్చుకోగలరని మనవి.'

ఆ వాక్యం నేను రోజుకు పదిసార్లు టైపు చేస్తాను. అదే నా బతుకు. ఆ మధ్యాహ్నం దుకాణానికి ఎవరో అర్జీ రాయించుకోవడానికి వస్తే కాసేపు ఆగి రమ్మన్నాను.

ఆ ఖాతాకు వేసిన గొళ్లెం తీసి, క్షమించమని రాసి పంపాను. జవాబు లేదు. రెండు రోజులు, నాలుగు రోజులు, వారం. చూసినట్టు కూడా లేదు. పేరుకూ ఊరుకూ ఆనవాలు లేదు. దర్జీ భాయ్‌కి ఆ మక్కజొన్న చేను ఫోటో పంపాను. ఆయన దాన్ని తండాల నుంచి వచ్చే ప్రతి ఒక్కరికీ చూపించసాగాడు. చేను ఎవరిదైనా కావచ్చు, కానీ వెనకాల ట్యాంకుకు నీలం, గులాబీ పట్టీలు వేసి ఉన్నాయి. రవికె కుట్టించుకోవడానికి వచ్చిన ఒకామె చూసి, అది మా ట్యాంకే అంది. ఆ తండా అంగన్‌వాడీ టీచరు ఫోనులో ఏవో రాస్తుంటుందని కూడా తనే చెప్పింది.

ఆదివారం ఆ అంగన్‌వాడీ టీచరు మహబూబాబాద్ వస్తానందని భాయ్ కబురు చేశాడు. నేను పొద్దున రైలెక్కాను. కాజీపేట, వరంగల్ దాటుతున్నంతసేపూ ఏమనాలో లోపల లోపల అనుకుంటూనే ఉన్నాను. భూపాలపల్లి నుంచి టీచరు కూడా రెండు బస్సులు మారి వచ్చారు. రావద్దన్నా వినలేదు, నవ్విన దాంట్లో నేనూ ఉన్నాను గదా అన్నారు.

దర్జీ భాయ్ తన దుకాణంలో కుట్టు మిషన్ పక్కన మూడు కుర్చీలు వేశాడు. ఆమె వచ్చింది. నాకన్నా పదేళ్లు చిన్నది కావచ్చు. భుజానికి సంచి, చేతిలో ఫోను. కూర్చోమంటే కూర్చుంది గానీ, కుర్చీ అంచునే కూర్చుంది. నేను అనుకున్న మాటలన్నీ పోయి, ఒక్కటే వచ్చింది. తప్పయింది, మిషన్ అనుకున్నాను అని.

"మిషన్ అనుకున్నరా?" అని ఆమె నా వైపు చూసింది. "నేను ఇంకోటి అనుకున్ననక్కా. మా మాట రాసినందుకు వద్దన్నరనుకున్న. వాళ్ల మాటలనే రాయుండ్రి అని మీరే అడిగితిరి. మా యాడి మాట గదే."

మరి అన్నిసార్లు ఎందుకడిగావని టీచరు అడిగారు. ఆమె కొంచెం నవ్వింది.

"నన్ను బడిల ఏసేటందుకు మా బాపు గిట్లనే తిరిగిండు. పోంగ పోంగ నా పేరు రాసుకున్నరు. మీరు గూడ రాసుకుంటరనుకున్న. మీరు తలుపే మూస్తిరి."

భాయ్ లేచి టీ చెప్పడానికి బయటికి వెళ్లాడు. అప్పుడు టీచరు తన కథలో 'పోయినం' ఎలా పోయిందో, మేము అలిగి జనగామలో టీ తాగుతూ ఈ గ్రూపు ఎలా పెట్టుకున్నామో మొత్తం చెప్పారు. "మమ్ముల ఎట్ల తరిమిండ్రో నిన్ను మేము గట్లనే తరిమినం బిడ్డ," అన్నారు.

ఆమె క్షమించాననీ అనలేదు, క్షమించననీ అనలేదు. టీ వచ్చింది, తాగింది. తాగాక ఒకటే అడిగింది.

"నేను రాస్తె చదివెటోళ్లు ఉంటరా?"

"నేనున్న," అన్నారు టీచరు.

ఆ సాయంత్రమే ఆమెను చేర్చాను. పది రోజులకు మొదటిది రాసింది. అంగన్‌వాడీలో పిల్లల బరువు తూచే రోజు గురించి. తన బిడ్డ బరువు తగ్గిందని అందరి ముందు చెబుతారేమోనని ఒక తల్లి వెనక వరుసలో దాక్కుంటుంది. ఆ తల్లి అన్న మాటలు రెండు తండా మాటలో అలాగే ఉంచి, కింద తెలుగు రాసింది. మధ్యాహ్నానికల్లా నలుగురు సభ్యులు దాన్ని చెత్త అని నాకు ఫిర్యాదు పెట్టారు. ఇదేం భాష, ఏదో దొంగ ఖాతా, తీసేయండని.

అంతకుముందైతే ఫిర్యాదుకు జవాబు రాసి ఊరుకునేదాన్ని. ఆ రోజు నలుగురికీ ఫోను చేశాను. గ్రూపు పెట్టిన ఇన్నేళ్లలో సభ్యులకు ఫోను చేయడం అదే మొదలు. ఒకాయన తెలుగు గ్రూపులో తెలుగే ఉండాలని కోపంగా తప్పుకున్నాడు. ఇద్దరు సరేనన్నారు. చెల్పూర్ ప్లాంటాయన మాత్రం తాను చివరిదాకా చదవలేదనీ, మళ్లీ చదువుతాననీ అన్నాడు. సాయంత్రం ఆ కథ కింద ఆయన రాసిన నాలుగు మాటలు చూశాను. ఆ తల్లి చివరికి బిడ్డను తూకం దగ్గరికి తెచ్చిందా లేదా అని అడిగాడు.

అప్పటి నుంచి పద్ధతి మార్చుకున్నాము. గోడకంటించిన కాగితం చింపేశాను. అర్థం కానిదాన్ని తోసేయకూడదు, ఇద్దరు చూడాలి, అప్పటికీ తెలియకపోతే వాళ్లనే అడగాలి. కొన్ని నెలలకు తలుపు కాపలా పని సగం అంగన్‌వాడీ చెల్లెకే అప్పగించాను. నాకన్నా బాగా చేసింది. ఒకసారి మూడు దరఖాస్తులు చూపించింది. మూడింట్లోనూ అవ్వల తిట్లు అద్భుతంగా ఉన్నాయి. నేనైతే నోటుబుక్కులోకి ఎక్కించుకునేదాన్నే.

"గింత మంచిగ ఎవ్వలు తిడుతరక్కా?" అంది.

నిజమే. ఆమె వాటిని ఆపి, ఆ ఖాతాలు తవ్వి చూస్తే తెలిసింది, ఆ మూడూ ఒక్కచోటి నుంచే వచ్చాయి, మూడూ మిషన్ రాసినవే. మిషన్లకు ఇప్పుడు మా యాస వచ్చేసింది. ఒకప్పుడు ఆ యాసను సినిమాల్లో వెక్కిరించడానికి తప్ప ఎవరూ నేర్చుకోలేదు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ ప్రశ్న తీసేశాము. తీసేసిన రోజు ఇంట్లో ఎవరో వెళ్లిపోయినట్టుగా ఉంది నాకు. పొద్దున్నే వచ్చే ఆ జవాబులు, ముఖం తెలియని వాళ్ల ఇళ్లలోని కోపాలు, వాటి కోసం ఇప్పటికీ చెయ్యి ఫోను మీదికి పోతుంది.

ఇప్పుడు చేరతామన్న ప్రతివాళ్లకూ ఫోను చేసి మాట్లాడుతున్నాము. దాంతో గ్రూపు పెద్దగా పెరగలేదు. పెద్ద గ్రూపువాళ్లు చూస్తే నవ్వుతారు. టీచరుకు చూపు తగ్గింది, కథలు తెర మీద చదవలేరు. దర్జీ భాయ్ చొక్కాలకు కాజాలు కుట్టుకుంటూ ఆమెకు ఫోనులో చదివి వినిపిస్తాడు.

మొన్న ఏదో పని మీద మహబూబాబాద్ వెళ్లి, అటునుంచి తండాలో అంగన్‌వాడీ చెల్లె ఇంటికి వెళ్లాను. అప్పుడే ఆమె గ్రూపులో చేరతానన్న మహదేవపూర్ వైపు రైతు ఒకాయనకు ఫోను చేస్తోంది. సిగ్నలు అందక మాట మధ్యలో తెగిపోతుంది, ఆయన ఒడ్డు మీదికెక్కి తనే మళ్లీ చేస్తాడు. గోదావరి నీళ్లు పొలంలోకి వచ్చిన ఏడాది నాట్లు రెండోసారి ఎలా వేశారో చెబుతున్నాడు. అరగంట చెప్పాడు. ఆమె స్పీకరు పెట్టి, బియ్యం ఏరుకుంటూ విన్నది. ఫోను పెట్టేశాక ఆయన ఏం రాస్తానన్నాడని అడిగాను.

"రాయనన్నడు. రాసుడు రాదట, చదువుతనన్నడు," అంది.

"మరి?"

"చేర్చిన. చదివెటోళ్లు గూడ గావాలె గదక్కా."